పనసపొట్టు కూర తప్పేమీ లేదని తెలిసినా కడుపు ఎందుకు ఒప్పుకోదు? తిండి మీద ఇష్టాయిష్టాలు పుట్టే తీరుపై చర్చ

గోదావరి_గట్టు | ఫిబ్రవరి 11, రాత్రి 9:20

సభ్యులందరికీ నమస్కారం. మాది గోదావరి ప్రాంతం. మా వైపు పెళ్లి భోజనంలో పనసపొట్టు కూర లేకపోతే ఆ లోటు గురించి పదేళ్ల తరువాత కూడా చెప్పుకుంటారు. నాకు పదకొండేళ్ల వయసులో మా పిన్ని పెళ్లిలో, ఆవ పెట్టిన పనసపొట్టు కూరను మారు అడిగి మరీ వేయించుకుని తిన్నాను. ఆ రాత్రి మొదలైన వాంతులు తెల్లవారినా ఆగలేదు, పొద్దున్నకి ఒళ్లు కాలిపోతోంది. చూసిన డాక్టరు గారు అది ఆ రోజుల్లో ఊరంతా తిరుగుతున్న జ్వరమేనని, తిండికి దానితో సంబంధం లేదని అప్పుడే చెప్పారు. నా పక్కనే కూర్చుని నాకంటే ఎక్కువ తిన్న మా అన్నయ్యకు ఏమీ కాలేదు. పెళ్లికే రాలేకపోయిన మా నాయనమ్మకు మాత్రం అదే వారంలో అదే జ్వరం వచ్చింది.

అంటే కూర నిర్దోషి. ఈ సంగతి నాకు ఇరవై ఆరేళ్లుగా తెలుసు. అయినా ఇవాళ్టికీ వడ్డించేవారు నాలుగు విస్తళ్ల అవతల ఉండగానే ఆ వాసనకు నాకు కడుపులో తిప్పడం మొదలవుతుంది. పోయిన ఆదివారం మా అత్తగారు ఎంతో ముచ్చటపడి పొట్టు కొట్టించి తెచ్చి వండితే, తలనొప్పి అని అబద్ధం చెప్పి గదిలో పడుకున్నాను. బుద్ధికి తెలిసిన విషయం కడుపుకు ఎందుకు చేరదు? మనకున్న మిగతా ఇష్టాయిష్టాలు కూడా ఇలాగే, మన ప్రమేయం లేకుండానే పుడతాయా?

పాఠాల_మాస్టారు | ఫిబ్రవరి 11, రాత్రి 10:45

గోదావరి_గట్టు గారూ, నేను డిగ్రీ విద్యార్థులకు మనస్తత్వశాస్త్రం చెబుతాను. మీకు జరిగినదే అమెరికా మనస్తత్వశాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్‌మన్‌కూ జరిగింది. ఆయన ఒక రాత్రి బేర్నేజ్ అనే ఫ్రెంచి సాసుతో మాంసం తిని, కొన్ని గంటల తరువాత వాంతులతో మంచం పట్టాడు. అది ఫ్లూ అని ఆయనకు తరువాత తెలిసింది, అదే భోజనం చేసిన భార్యకు ఏమీ కాలేదు. అయినా ఆ సాసు ఆయనకు వెగటైపోయింది. ఎలా నేర్చుకుంటామో పరిశోధించేవాడికే తాను నేర్చుకున్న తప్పుడు పాఠం వదలలేదంటే, మీరు సిగ్గుపడవలసిన పని లేదు.

దీని వెనుక ఉన్న ప్రయోగాలు జాన్ గార్సియావి. 1955లో ఆయన, ఆయన సహచరులు ఎలుకలకు సాకరిన్ కలిపిన తియ్యటి నీళ్లు ఇస్తూ, ఒంట్లో వికారం కలిగేలా గామా కిరణాలకు గురి చేశారు. మామూలుగా తీపి నీళ్లంటే పడిచచ్చే ఎలుకలు ఆ తరువాత వాటిని ముట్టడం మానేశాయి. అప్పటివరకు పండితులు నమ్మినది ఏమిటంటే, గంట మోగించి తిండి పెడుతూ కుక్కకు నేర్పినప్పుడు గంట మోతకూ ఆహారానికీ మధ్య ఎడం క్షణాలలో ఉండాలని, ఆ రెండూ పదేపదే జతపడితేనే జంతువు ఏదైనా నేర్చుకుంటుందని. గార్సియా ఎలుకలు ఒక్కసారికే నేర్చుకున్నాయి. జబ్బు చాలాసేపటి తరువాత మొదలైనా నేర్చుకున్నాయి. ఇది ఎంత నమ్మశక్యం కాకుండా కనిపించిందంటే, గోడగడియారంలోని కోయిల బొమ్మ రెట్ట వేయడం ఎంత సంభవమో ఇదీ అంతేనని ఒక పండితుడు ఎగతాళి చేశాడని చెబుతారు.

మీ ప్రశ్నకు నేరుగా సమాధానం ఇచ్చే ప్రయోగం మరొకటి ఉంది. 1972లో ఎలుకలకు ఒక రుచి చూపించి, తరువాత మత్తు మందు ఇచ్చి, అవి స్పృహలో లేనప్పుడు జబ్బు కలిగించారు. మెలకువ వచ్చాక కూడా అవి ఆ రుచిని తప్పించుకున్నాయి. అంటే ఈ నేర్పుకు తెలివిలో ఉండవలసిన అవసరమే లేదు. మీ బుద్ధికి డాక్టరు గారు ఎంత నచ్చజెప్పినా, తీర్పు ఇచ్చినది ఆ బుద్ధి కానప్పుడు ఆ నచ్చజెప్పడం వినేవారెవరు?

నిమ్మతొక్క | ఫిబ్రవరి 12, ఉదయం 7:05

మాస్టారూ, నాకొక అభ్యంతరం ఉంది. ఆవిడ ఆ రోజు పనసపొట్టు కూర ఒక్కటే తినలేదు కదా. పప్పు, పులిహోర, బూరె, గుమ్మడికాయ దప్పళం, పెరుగు అన్నీ తినే ఉంటారు. కొత్త పట్టుపరికిణీ కట్టుకుని ఉంటారు, సన్నాయి విని ఉంటారు, మల్లెపూల వాసన పీల్చి ఉంటారు. ఇంతమంది అనుమానితుల్లో కడుపు ఒక్క పనసపొట్టునే పట్టుకుని బోనులో నిలబెట్టడానికి కారణం చెప్పకపోతే, ఇది శాస్త్రం అనిపించుకోదు, కథ అనిపించుకుంటుంది.

పాఠాల_మాస్టారు | ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 1:30

మంచి అభ్యంతరం. దీనికి రెండు సమాధానాలున్నాయి.

పరికిణీని, సన్నాయిని ఎందుకు వదిలేసిందన్నది మొదటిది. 1966లో గార్సియా, రాబర్ట్ కోలింగ్ కలిసి ఎలుకలు నీళ్లు తాగినప్పుడల్లా రుచితోపాటు ఒక దీపం వెలిగేలా, ఒక చప్పుడు అయ్యేలా ఏర్పాటు చేశారు. తరువాత కొన్నింటికి జబ్బు కలిగించారు, కొన్నింటికి విద్యుత్ షాక్ ఇచ్చారు. జబ్బు పడినవి ఆ రుచిని మానుకున్నాయి కానీ దీపాన్ని, చప్పుడును పట్టించుకోలేదు. షాక్ తిన్నవి దీపానికి, చప్పుడుకు భయపడ్డాయి కానీ ఆ రుచి గల నీళ్లను నిర్భయంగా తాగాయి. కడుపులో తేడా చేస్తే నోటిలోకి పోయినదాన్ని, ఒంటికి దెబ్బ తగిలితే కంటికీ చెవికీ తెలిసినదాన్ని అనుమానించే గుణం పుట్టుకతోనే ఉందన్నమాట.

పప్పును, పెరుగును ఎందుకు వదిలేసిందన్నది రెండోది. వేలసార్లు తిని ఏమీ కాని పదార్థం మీద ఒక్క రాత్రి వాంతులతో అనుమానం పుట్టదు. కొత్తగా తిన్నవాటితోనే జబ్బు ముడిపడుతుందని 1967లోనే ఎలుకలలో చూపించారు. పదకొండేళ్ల పిల్ల ఏడాదికి ఒకటి రెండు పెళ్లిళ్లలో మాత్రమే ఎరిగిన ఘాటైన రుచి ఏదో దానిమీదే నేరం పడింది. ఊళ్లో దొంగతనం జరిగితే ముందుగా కొత్తగా వచ్చినవాడిని పట్టుకున్నట్టే.

వార్డులో_రాత్రి | ఫిబ్రవరి 12, రాత్రి 11:50

నేను క్యాన్సర్ వార్డులో నర్సును. మీరు చెబుతున్నది మేము రోజూ చూస్తాం, దాని పేరు తెలియకుండానే. కీమో ఎక్కించే రోజు రోగికి ధైర్యం చెప్పాలని ఇంటివాళ్లు ఇష్టమైన వంటకం చేసి క్యారియర్‌లో తెస్తారు. ఒక పెద్దాయనకు వాళ్ల అమ్మాయి ప్రతి విడతకూ గుత్తివంకాయ కూర తెచ్చేది. మూడో విడత నాటికి ఆయన మూత తీయగానే ముఖం తిప్పుకున్నారు. ఆ అమ్మాయి తన వంట పాడైపోయిందేమోనని బాధపడింది. వాంతులు మందు వల్లనేనని ఆయనకు స్పష్టంగా తెలుసు, ఆయనే మాకు చెప్పేవారు. అయినా ఆ కూర పోయింది.

దీన్ని అమెరికాలోని సియాటెల్‌లో ఇలీన్ బెర్న్‌స్టీన్ అనే శాస్త్రవేత్త 1978లోనే చూపించారని చదివాను. కీమోకు ముందు కొత్త రుచి గల ఐస్‌క్రీమ్ తిన్న పిల్లలు తరువాత దాన్ని కోరుకోలేదు. ఐస్‌క్రీమ్ తినకుండా మందు తీసుకున్నవారిలోనూ, వాంతులు తెప్పించని వైద్యం పొందుతూ దాన్ని తిన్నవారిలోనూ ఆ అయిష్టం అంతగా కనబడలేదు. 1987లో ఆమే మరొకరితో కలిసి ఒక ఉపాయం పరీక్షించారు. భోజనానికీ మందుకూ నడుమ ఘాటైన, పరిచయం లేని రుచి గల చప్పరించే బిళ్ల ఒకటి ఇస్తే, నేరం ఆ బిళ్ల మీదకు పోయి భోజనం చాలావరకు తప్పించుకుంటుంది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి నేను ఇంటివాళ్లతో ఒక్క మాట చెబుతున్నాను. ఇష్టమైన కూర కీమో రోజున తేవద్దండీ, ఇంటికి వెళ్లి తేరుకున్నాక పెట్టండి.

డాలస్_డబ్బా | ఫిబ్రవరి 13, ఉదయం 8:15

ఈ చర్చ చదువుతూ నా బాధ కూడా చెప్పాలనిపించింది. మా బాబుకు నాలుగున్నరేళ్లు. పెరుగన్నం, బంగాళదుంప వేపుడు, చీజు తప్ప ఏదీ ముట్టడు. ఏడాది వయసులో తోటకూర పప్పు, బీరకాయ, ఏది పెట్టినా తిన్న పిల్లవాడు. వాడికి ఏ జ్వరమూ రాలేదు, ఏ వాంతీ కాలేదు. కాకరకాయ ఒక్క ముక్క తింటే ఐస్‌క్రీమ్ ఇస్తానని ఒప్పించాను. రెండు వారాలు తిన్నాడు, ఇప్పుడు ఐస్‌క్రీమ్ ఇచ్చినా కాకరకాయ వద్దంటున్నాడు. నేను ఎక్కడ తప్పు చేశాను?

పాఠాల_మాస్టారు | ఫిబ్రవరి 13, రాత్రి 9:00

మీరు ఒక చోట తప్పు చేయలేదు, మరొక చోట చేశారు. అన్నీ తిన్న పిల్లవాడు అకస్మాత్తుగా మానేయడం మీ తప్పు కాదు. సుమారు రెండేళ్ల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలకు కొత్త తిండి అంటే జంకు బాగా ఎక్కువగా ఉంటుంది. నడక వచ్చి, తల్లి కన్నుగప్పి పెరట్లో కనబడిన ఆకులన్నీ నోట్లో పెట్టుకోగల వయసులో ఆ జంకు ప్రాణం కాపాడి ఉంటుందని ఊహ. 2007లో బ్రిటన్‌లో వేలాది కవల పిల్లలను పరిశీలించిన ఒక అధ్యయనం, పిల్లలకూ పిల్లలకూ మధ్య ఈ జంకులో కనబడే తేడాలో 78 శాతం వంశపారంపర్యమేనని లెక్కగట్టింది. కాబట్టి బంధువులు మీ పెంపకాన్ని తప్పుపడితే ఈ అంకె వాళ్ల ముందు పెట్టండి. మీవారి చిన్నతనం గురించి మీ అత్తగారిని అడిగితే ఇంకా మంచిది.

ఇక కాకరకాయ చేదు కూడా. పుట్టి కొన్ని గంటలైనా గడవని శిశువు నాలుక మీద తీపి చుక్క వేస్తే ముఖం విప్పారుతుందని, చేదు చుక్క వేస్తే నోరు తెరిచి నాలుక బయటికి నెడుతుందని జేకబ్ స్టైనర్ 1970లలో ఫొటోలతో సహా చూపించాడు. మీవాడు ఆ ప్రవృత్తికి ఎదురీదాలి.

ఐస్‌క్రీమ్ విషయంలో మాత్రం పొరపాటు జరిగింది. లియాన్ బర్చ్ అనే పరిశోధకురాలు 1984లో దీనినే పరీక్షించారు. ఒక పానీయం తాగితే బహుమతి ఇస్తామని చెప్పి తాగించిన పిల్లలకు ఆ పానీయం మీద ఇష్టం తగ్గింది. పిల్లవాడు మన బేరాన్ని తన తర్కంతో చదువుకుంటాడు. ఇది తిన్నందుకు కూలి ఇస్తున్నారంటే ఇది కష్టమైన పనే అయి ఉండాలనుకుంటాడు. మీరు కాకరకాయ విలువ తగ్గించి ఐస్‌క్రీమ్ విలువ పెంచారు.

మనవడి_ముద్ద | ఫిబ్రవరి 14, ఉదయం 6:10

అమ్మా డాలస్_డబ్బా, నాకు శాస్త్రం తెలియదు కానీ ఐదుగురు మనవలను చూశాను. మా మనవడొకడు హైదరాబాదులో ఉన్నప్పుడు వంకాయను చూస్తే ఏడ్చేవాడు. వేసవి సెలవులకు ఊరొచ్చి, వాడికంటే రెండేళ్లు పెద్దవాళ్లయిన మా చిన్నబ్బాయి పిల్లల మధ్య కూర్చోబెడితే, వాళ్లు లొట్టలేసుకుంటూ తింటుంటే వీడూ చేయి చాచాడు. నేను వాడిని తిను అని ఒక్కసారి కూడా అనలేదు. వాడు చూడనట్టుగా అటు తిరిగి కూర్చున్నాను.

పాఠాల_మాస్టారు | ఫిబ్రవరి 14, మధ్యాహ్నం 12:20

అమ్మా, మీకు శాస్త్రం తెలియకపోవడమేమిటి! బర్చ్ గారే 1980లో చేసిన ప్రయోగం అచ్చంగా మీ పంక్తి భోజనమే. బడికి ఇంకా వెళ్లని వయసు పిల్లలలో ఒక కూరగాయ నచ్చనివాడిని, అదే నచ్చే ముగ్గురు నలుగురు పిల్లల మధ్య కూర్చోబెట్టి భోజనం పెట్టారు. కొద్ది రోజులలోనే వాడు తోటివాళ్ల కూరగాయను ఎంచుకోవడం మొదలుపెట్టాడు, ఆ తరువాత ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఆ ఇష్టం నిలిచింది. ఇంట్లో ముట్టని కూరను మన పిల్లలు బడిలో మధ్యాహ్న భోజనంలో తిని వస్తారని తల్లులు ఆశ్చర్యపోవడం వెనుక కూడా ఇదే ఉండవచ్చు.

డాలస్_డబ్బా గారూ, ఒక్క ముక్క చాలు, అది కూడా నాలుక మీద పెట్టి వద్దనుకుంటే తీసేయవచ్చన్న స్వేచ్ఛతో. పదిసార్లు, పదిహేనుసార్లు ఆ రుచి ఏ బేరమూ లేకుండా ఎదురుపడాలి. చాలామంది తల్లులు మూడోసారికే మా వాడికి పడదని తీర్పు ఇచ్చేస్తారు. వాంతి ఒక్కసారికే నేర్పుతుంది కానీ ఇష్టానికి అంత తొందర లేదు. వేప కూడా తినగా తినగా తియ్యగా ఉంటుందని మనం వల్లె వేసిన మాటను నేను కొంచెం సవరించి చెబుతాను. చేదు తీపి కాదు, అది చేదుగా ఉంటూనే మనకు కావలసినదవుతుంది.

నిమ్మతొక్క | ఫిబ్రవరి 14, రాత్రి 8:40

అంటే ఉగాది నాడు ఏడాదికోసారి గరిటెడు వేపపువ్వు పచ్చడి పెట్టడం వల్ల పదిహేనేళ్లు పడుతుందన్నమాట!

కల్లం_కాపలా | ఫిబ్రవరి 15, ఉదయం 10:30

మాది గుంటూరు దగ్గర మిరప పండించే కుటుంబం. చేదు సంగతి సరే, కారం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను. కారం నిజానికి రుచి కాదు, నొప్పి. మిరపలోని క్యాప్సైసిన్ నోట్లో ఏ గ్రాహకాన్ని తాకుతుందో 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. కాలే వేడిని గుర్తించే గ్రాహకం కూడా అదే. ఆ పరిశోధనలకే 2021లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. కాబట్టి నోరు మండిందని మనం అనడం అలంకారం కాదు, నాడులు పంపే వార్త అదే.

కల్లంలో తేజ రకం ఎండబోసినప్పుడు గాలి తిరిగితే మా ఇంటి కుక్క కూడా అటు రాదు. అదే కుక్క మాకు తోడుగా అన్నం తింటుంది కానీ, కారం తగిలిన ముద్దను పక్కకు నెట్టేస్తుంది. దీన్ని పాల్ రోజిన్ అనే మనస్తత్వశాస్త్రవేత్త మెక్సికోలోని ఒహాకా కొండల్లో ఒక గ్రామంలో గమనించాడు. కారపు మిగుళ్లు తింటూ పెరిగిన అక్కడి పందులు, కుక్కలు కూడా కారం లేని తిండినే ఎంచుకునేవి. ఆ ఊరి పిల్లలు మాత్రం ఐదారేళ్లు దాటేసరికి తమంతట తాము కారం వేసుకునేవారు. వారికి ఎవరూ బహుమతి ఇవ్వలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు, పెద్దవాళ్లు తింటుంటే చూశారు, అంతే. నొప్పి అని ఒళ్లు చెబుతున్నా, ప్రమాదం లేదని మనసుకు తెలియడంలో ఒక సుఖం ఉందని రోజిన్ వాదన. రంగులరాట్నంలో కేకలు వేసి మళ్లీ ఎక్కేవాడి సుఖం లాంటిది.

మా అమ్మ ఆవకాయ ముక్కను నీళ్లలో కడిగి మా ముద్దలో పెట్టేది. తరువాత కడగడం మానేసి వెన్నపూస కలిపింది, ఆ తరువాత నెయ్యి, చివరికి నూనె. ఇదే తరతరాలుగా సాగిన పాఠ్యప్రణాళిక. విచిత్రమేమిటంటే అమెరికా ఖండపు పంట అయిన మిరప, పోర్చుగీసువారు వచ్చిన తరువాతే, అంటే 1498కి తరువాతే మన దేశం చేరింది. అంతకుముందు ఘాటు కావాలంటే మనకు మిరియాలే దిక్కు, ఆ పోలికతోనే దీనికీ మిరప అనే పేరు వచ్చింది. ఐదు శతాబ్దాల క్రితం తెలుగువాడి నోటికి పరిచయమే లేని పదార్థం ఇవాళ మన స్వభావానికే గుర్తుగా చలామణీ అవుతోంది.

చేదు_కాగితం | ఫిబ్రవరి 15, రాత్రి 10:05

అందరూ అలవాటు, పంక్తి, పెంపకం అంటున్నారు. నాలుకే వేరైతే అప్పుడేమిటి? డిగ్రీలో జంతుశాస్త్రం ప్రాక్టికల్స్‌లో మాకు పీటీసీ అనే రసాయనం అద్దిన కాగితం ముక్క ఇచ్చారు. నాకు నోరు విషమైపోయింది. నా పక్కవాడు ఏ రుచీ లేదని, నేను నటిస్తున్నానని అన్నాడు. ఈ తేడా 1931లో అనుకోకుండా బయటపడింది. అమెరికాలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ పొడిని సీసాలో పోస్తుండగా గాలిలోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి చేదంటే ఫాక్స్‌కు ఏమీ తెలియలేదు. దీనికి ముఖ్య కారణమైన జన్యువును 2003లో గుర్తించారు. ఆ జన్యువు క్యాబేజీ, ఆవాల జాతి కూరల చేదును పసిగట్టడంలో కూడా పనిచేస్తుంది.

కొత్తిమీర సంగతి మరీ విచిత్రం. కొందరికి అది సబ్బులా అనిపిస్తుంది. వాసనను పసిగట్టే ఒక జన్యువు దగ్గరి తేడాకూ దీనికీ సంబంధం ఉందని 2012లో తేలింది. అయితే అదే ఏడాది కెనడాలో జరిగిన ఒక సర్వేలో కొత్తిమీర అంటే పడనివారు తూర్పు ఆసియా మూలాలవారిలో 21 శాతం దాకా ఉంటే, దక్షిణాసియా మూలాలవారిలో 7 శాతానికి మించలేదు. జన్యువు కొంత చెబుతుందని, పుట్టినప్పటి నుంచి చారులో తేలుతూ ఉండటం చాలా చెబుతుందని నాకు అర్థమైంది. నా వాదనను నేనే బలహీనపరచుకున్నాను కాబోలు.

వార్డులో_రాత్రి | ఫిబ్రవరి 16, ఉదయం 5:40

పుట్టినప్పటి నుంచి అన్నారు, అంతకుముందు నుంచే. నా శిక్షణ ప్రసూతి వార్డులో మొదలైంది. ఫిలడెల్ఫియాలో జూలీ మెనెల్లా బృందం 2001లో ప్రచురించిన అధ్యయనంలో, గర్భిణులుగా ఉండగా కొన్ని వారాలు క్యారెట్ రసం తాగిన తల్లుల బిడ్డలు, తరువాత క్యారెట్ రుచి గల జావకు తక్కువగా ముఖం చిట్లించారు. అంతకు పదేళ్ల ముందే, వెల్లుల్లి తిన్న తల్లి పాలకు రెండు గంటలలో ఆ వాసన వస్తుందని, బిడ్డ ఆ పాలను ఎక్కువసేపు పట్టుకుని తాగుతుందని ఆమే చూపించారు. మన ఇళ్లలో బాలింతకు పాలు పడాలని వెల్లుల్లి కారం ముద్ద పెడతారు. పాల సంగతి నేను చెప్పలేను కానీ, ఆ ఇంటి వంట వాసన మాత్రం బిడ్డకు ముందుగానే చేరుతోంది.

ఉప్పుటేరు | ఫిబ్రవరి 18, రాత్రి 9:30

ఇంతవరకు జరిగిన చర్చలో ఒక పెద్ద గది తలుపు మూసే ఉంది, దాన్ని నేను తెరుస్తాను. మాది సముద్రతీరపు ఊరు. ఎండు నెత్తళ్లు వేయించిన వాసన వస్తే మాకు ఆకలి పుడుతుంది. ఇంటర్మీడియట్‌కు పట్నంలో ఒక హాస్టల్లో చేరినప్పుడు అమ్మ చిన్న సీసాలో ఎండు రొయ్యల పొడి కట్టి ఇచ్చింది. మూత తీసిన మొదటి రోజే గదిలోని ముగ్గురు ముక్కు మూసుకుని బయటికి పోయారు, వార్డెన్ దాకా ఫిర్యాదు వెళ్లింది, సీసా చెత్తబుట్టలో పడింది. ఆ తరువాత ఏడాదిపాటు మా ఇంటికి వెళ్లినా నేను ఆ పొడి తినలేకపోయాను. నాకు జ్వరం రాలేదు, వాంతి కాలేదు. నలుగురి ముఖాలలో కనబడిన ఏవగింపు మాత్రమే నా గొంతులో దిగింది.

మాస్టారు దీన్ని కూడా అయిష్టమే అంటారా?

పాఠాల_మాస్టారు | ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 2:15

అనను. తెలుగులో మనకు అయిష్టం, ఏవగింపు అని రెండు మాటలున్నాయి, ఆ తేడాను ఇక్కడ పాటించాలి. కాకరకాయ ఇష్టం లేనివాడు దాని రుచిని ఇష్టపడడు. తన కూరలో కాకరకాయ గరిటె పెట్టారని తెలిస్తే భోజనం మానేయడు. ఏవగింపుకు రుచితో పని లేదు, అది ఏమిటో తెలియడమే చాలు. రోజిన్ 1986లో సహచరులతో కలిసి చేసిన ప్రయోగంలో, క్రిములన్నీ పోయేలా శుద్ధి చేసిన చచ్చిన బొద్దింకను పండ్లరసంలో ముంచి తీసేశారు. ఆ రసం ప్రమాదం కాదని తెలిసినవారు కూడా తాగడానికి ఇష్టపడలేదు. ఒకసారి తగిలితే ఎప్పటికీ తగిలినట్టేనన్న ఈ లెక్కను మన మడి, అంటు, ఎంగిలి అనే మాటలు ఎరిగినవారికి ప్రత్యేకంగా వివరించనక్కరలేదు.

ఇది పుట్టుకతో రాదు. రెండేళ్ల లోపు పిల్లలకు కుక్కపేడ ఆకారంలో చేసిన తినుబండారం ఇస్తే చాలామంది నిరభ్యంతరంగా నోట్లో పెట్టుకున్నారు. ఏది ఏవగింపో పెద్దవాళ్ల ముఖాలు చూసే నేర్చుకుంటారు. మీరు పదహారేళ్లకు ఆ పాఠాన్ని మీ సొంత తిండి మీదనే నేర్చుకోవలసి వచ్చింది. అది మీ గదిలోనివారి ముక్కు చేసిన పని కాదు, వాళ్లు పెరిగిన ఇల్లు చేసిన పని.

పెసరకట్టు | ఫిబ్రవరి 19, రాత్రి 10:00

నేను పుట్టు శాకాహారిని, ఆ మాటతో పూర్తిగా ఏకీభవించలేను. ఉప్పుటేరు గారికి జరిగినది తప్పే, ఆ సీసా పారేయడం దుర్మార్గం. కానీ ఎండుచేపల వాసన వస్తే నాకు నిజంగానే కడుపులో తిప్పుతుంది. అది ఎవరినీ చులకన చేయడం కోసం నేను తెచ్చిపెట్టుకున్నది కాదు. నా ఒంటి స్పందనకు నన్ను దోషిని చేయడం న్యాయమా?

పాఠాల_మాస్టారు | ఫిబ్రవరి 20, ఉదయం 9:10

మీ కడుపు తిప్పడం నిజమే, అబద్ధమని నేననలేదు. నేర్చుకున్నది కూడా ఒంట్లో నిజంగానే జరుగుతుంది. 1997లో రోజిన్ బృందం, ఆరోగ్యం కోసం మాంసం మానినవారి కంటే నైతిక కారణంతో మానినవారికే మాంసం మీద ఏవగింపు ఎక్కువని చూపించింది. విలువ ముందు వచ్చి, వికారం దాని వెంట నడిచింది.

ముక్కు ఎంతవరకు స్వతంత్రమో చూడండి. 2005లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఒకే వాసనను చూపిస్తూ ఒకసారి చెడర్ చీజు అని, మరొకసారి ఒంటి కంపు అని రాసి చూపారు. రాత మారగానే వాసన బాగుందో లేదో అన్న తీర్పు మారింది, మెదడులో దానికి సంబంధించిన చోట స్పందన కూడా మారింది. మీ వంటింట్లో దీనికి సాక్ష్యం ఇంగువ. పచ్చి ఇంగువ గడ్డ వాసన చూసిన యూరపువారు దానికి దెయ్యం పేడ అని పేరు పెట్టారు. మీకూ నాకూ అది పప్పుచారు.

మీ స్పందనకు మీరు దోషి కారు. దాన్ని ఎదుటివాడి సీసా మీద తీర్పుగా మార్చినప్పుడే దోషం మొదలవుతుంది.

పెసరకట్టు | ఫిబ్రవరి 20, సాయంత్రం 6:45

ఇంగువ ఉదాహరణ నన్ను కాసేపు మాట్లాడనీయలేదు. ఆలోచిస్తాను.

గోదావరి_గట్టు | మార్చి 2, రాత్రి 8:30

ఆలస్యంగా వస్తున్నందుకు మన్నించండి. మీరందరూ చెప్పినవి చదివి, కొత్తదానిమీదే నేరం పడుతుందన్న మాట పట్టుకుని నేనొక పరీక్ష చేసుకున్నాను. పనసతొనలు నేను చిన్నప్పటి నుంచి తింటున్నాను, ఏ ఇబ్బందీ లేదు. మొన్న మా అత్తగారు పొట్టు ఉడికించి, చింతపండు వేసి పోపు పెట్టి, ఆవ కలపబోయే ముందు రెండు చెంచాలు నాకు పక్కకు తీయమన్నాను. జంకుతూనే నోట్లో పెట్టుకున్నాను. తినగలిగాను! మరుసటి వారం అరటికాయ కూరలో ఆవ పెట్టి చూశాం. పనసకాయ పేరైనా లేని ఆ కూర గిన్నె దగ్గరికి వెళ్లగానే కడుపు తిరిగింది. ఇరవై ఆరేళ్లు నేను పనసకాయను అనుమానించాను, కానీ నా కడుపు పట్టుకున్నది పచ్చి ఆవ నూరిన వాసనను.

నిమ్మతొక్క | మార్చి 2, రాత్రి 9:05

మరి ఆవకాయ తింటారా? అందులో ఉన్నదీ ఆవపిండే కదా.

గోదావరి_గట్టు | మార్చి 2, రాత్రి 9:20

ఇవాళ మధ్యాహ్నమే తిన్నాను. ఏమీ కాలేదు, అదే నాకు అంతుపట్టడం లేదు.

పాఠాల_మాస్టారు | మార్చి 3, ఉదయం 7:30

ఆవకాయను మీరు ముద్దలు తినే వయసు నుంచి ఎరుగుదురు, పప్పులాగా అదీ పాత నేస్తమే. పైగా ఆవాలను నీళ్లతో నూరినప్పుడు ఎగసే ఘాటుకూ, నూనెలో నెలల తరబడి ఊరిన ఆవపిండి వాసనకూ చాలా తేడా ఉంది. మీ కడుపుకు అవి రెండూ ఒకటి కావు. ఇకనుంచి కూరలో ఆవ చిటికెడుతో మొదలుపెట్టి, జబ్బు లేని రోజులలో, కొద్దికొద్దిగా పెంచండి. నెలలు పట్టవచ్చు. వెనక్కి తగ్గాలనిపిస్తే తగ్గండి, బలవంతం వద్దు.

గోదావరి_గట్టు | మార్చి 3, రాత్రి 10:10

అలాగే చేస్తాను. ఆ ఆదివారం నాటి తలనొప్పి అబద్ధమని మా అత్తగారితో ఒప్పేసుకున్నాను. ఆవిడ కోప్పడతారనుకున్నాను. ఆవిడ కాసేపు నవ్వి, మావారు కడుపులో ఉండగా మూడు నెలలు వేవిళ్లతో బాధపడ్డానని, అప్పుడు రోజూ పొద్దున్నే పక్క వాటాలోంచి పెసరట్టు కాలుతున్న వాసన వచ్చేదని చెప్పారు. ఈ ఇంట్లో నలభై ఏళ్లుగా పెసరట్టు ఎందుకు వేయలేదో మావారికి ఇవాళే తెలిసింది.